రాబర్ట్ వాట్సన్-వాట్

సర్ రాబర్ట్ అలెగ్జాండర్ వాట్సన్-వాట్ (1892 ఏప్రిల్ 13 - 1973 డిసెంబర్ 5) స్కాట్లండుకు చెందిన రేడియో శాస్త్రవేత్త, ఇంజనీరు. బ్రిటన్‌లో రాడార్ వ్యవస్థను నిర్మించినవారిలో అగ్రగణ్యుడు. ఆకాశంలో విమానమున్నదని రేడియో తరంగాల ద్వారా కనిపెట్టడంతో పాటు, ఆ విమానం ఎవరిదో కూడా తరంగాల ద్వారానే నిర్ధారించవలసిన అవసరాన్ని తొలినాళ్లలోనే గుర్తించినవాడు. ఆ అవసరం నుండి పుట్టిన "మిత్రుడా, శత్రువా" అనే గుర్తింపు విధానం (ఐ.ఎఫ్.ఎఫ్.) రెండవ ప్రపంచ యుద్ధంలో వాడుకలోకి వచ్చింది. నేడు విమానాశ్రయాలలో విమానాలను గుర్తించే పద్ధతికి మూలం అదే. కార్యాలయాల గేటు వద్ద ఉద్యోగి చూపే యాక్సెస్ కార్డు కూడా ఆ కుటుంబానికి చెందినదే. రాడార్ గురించి చాలామందికి తెలుసు కాని, ఈ రెండవ అంశం అంతగా ప్రచారంలోకి రాలేదు. అందువలన ఈ వ్యాసంలో దానిని కొంత విపులంగా వివరించడం జరిగింది.

బాల్యం, విద్యాభ్యాసం

వాట్సన్-వాట్ స్కాట్లండులోని ఆంగస్ ప్రాంతంలో బ్రెకిన్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి వడ్రంగం పనిచేసేవాడు. ఆవిరి యంత్రంతో ప్రసిద్ధి చెందిన జేమ్స్ వాట్ వంశానికి చెందినవాడినని చెప్పుకోవడం ఈయనకు ఇష్టంగా ఉండేది. స్థానిక పాఠశాలల్లో చదువు ముగించి, అప్పట్లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో భాగంగా ఉన్న డండీ యూనివర్సిటీ కళాశాలలో చేరి, 1912లో ఇంజనీరింగు పట్టా పొందాడు. అక్కడి భౌతికశాస్త్ర ఆచార్యుడు విలియం పెడ్డీ ఈయనను సహాయకునిగా తీసుకొని, రేడియో శాస్త్రం వైపు మళ్లించాడు. అప్పటికి ఆ శాస్త్రం పసితనంలో ఉంది. పేరులోని వాట్సన్, వాట్ అనే రెండు భాగాలను గీతతో కలిపి వ్రాయడం 1942లో, సర్ బిరుదు పొందినపుడు మొదలైంది. ఈ వ్యాసంలో సౌలభ్యం కొరకు మొదటినుండి ఆ రూపమే వాడబడింది.

పిడుగుల వేట

1915లో వాట్సన్-వాట్ వాతావరణ శాఖలో చేరాడు. విమానాలు అప్పుడప్పుడే యుద్ధంలోకి వస్తున్న రోజులవి. ఉరుములతో కూడిన గాలివానలో చిక్కుకుంటే విమానానికీ, చోదకునికీ ప్రమాదమే. మెరుపు మెరిసినపుడు రేడియో తరంగాలు కూడా వెలువడతాయి కనుక, వాటి దిక్కును పసిగట్టి వానమబ్బు ఎక్కడున్నదో ముందుగా చెప్పవచ్చునని ఈయన భావించాడు. అయితే మెరుపు సంకేతం క్షణంలో మాయమయ్యేది. ఆంటెనాను చేతితో త్రిప్పి దిక్కు చూసేలోపే అది వెళ్లిపోయేది. ఆ క్షణికమైన గుర్తును తెరమీద పట్టి చూపగలిగే కాథోడ్ కిరణ నాళిక 1920లలో గాని ఈయన చేతికి అందలేదు. అది అందిన తరువాత, 1924 నుండి స్లౌ సమీపంలోని డిట్టన్ పార్కు కేంద్రంలో పని సాగింది. కంటికి కనబడని తరంగాన్ని తెరమీద చుక్కగానో గీతగానో మార్చి చదవడంలో ఇక్కడ సంపాదించిన అనుభవమే తరువాత రాడార్‌కు పెట్టుబడి అయింది.

భూమి చుట్టూ విద్యుదావేశం కలిగిన వాయుపొరకు ఐనోస్ఫియర్ అనే పేరును 1926లో సూచించినది కూడా ఈయనే. 1933 నాటికి టెడ్డింగ్టన్‌లోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో రేడియో విభాగానికి అధిపతి అయ్యాడు.

మరణ కిరణం నుండి రాడార్ వరకు

1930లలో బ్రిటన్ ప్రజలను బాంబర్ల భయం పీడించింది. శత్రువును దూరం నుండే చంపగల మరణ కిరణాన్ని జర్మనీ తయారుచేసిందన్న పుకారు కూడా వ్యాపించింది. అది సాధ్యమేనా అని 1935 ఆరంభంలో విమాన మంత్రిత్వ శాఖలోని పరిశోధనల సంచాలకుడు హ్యారీ వింపెరిస్ వాట్సన్-వాట్‌ను అడిగాడు. ఈయన ఆ ప్రశ్నను తన సహాయకుడు ఆర్నాల్డ్ విల్కిన్స్‌కు లెక్కగా మార్చి ఇచ్చాడు. 5 కిలోమీటర్ల దూరంలో, 1 కిలోమీటరు ఎత్తులో ఉన్న 8 పింట్ల నీటిని 98 డిగ్రీల ఫారెన్‌హీట్ నుండి 105 డిగ్రీలకు వేడిచేయడానికి ఎంత రేడియో శక్తి కావాలన్నది ఆ లెక్క. మనిషి శరీరంలోని నెత్తురు పరిమాణం, జ్వర తీవ్రత అందులో దాగి ఉన్నాయని విల్కిన్స్ వెంటనే గ్రహించాడు. జవాబు అసాధ్యమని తేలింది.

విషయం అక్కడితో ముగియలేదు. మరణ కిరణం కాకపోతే మరేమి చేయవచ్చునన్న చర్చలో, విమానాలు దగ్గరగా ఎగిరినపుడు రేడియో ప్రసారాలకు అంతరాయం కలుగుతున్నట్లు తపాలా శాఖ ఇంజనీర్లు గమనించిన సంగతిని విల్కిన్స్ గుర్తుచేశాడు. విమానం నుండి పరావర్తనం చెంది తిరిగివచ్చే తరంగాన్ని పట్టుకోవచ్చునని లెక్కవేసి చూపింది కూడా అతడే. ఆ లెక్కల ఆధారంగా వాట్సన్-వాట్ 1935 ఫిబ్రవరిలో విమానాలను రేడియో ద్వారా కనుగొనే పద్ధతిపై తన ప్రసిద్ధ నివేదిక సమర్పించాడు.

1935 ఫిబ్రవరి 26న డావెంట్రీ సమీపంలో పరీక్ష జరిగింది. అందుకు ప్రత్యేకంగా ప్రసార యంత్రమేదీ నిర్మించలేదు. అక్కడి బి.బి.సి. హ్రస్వతరంగ కేంద్రం నుండి వెలువడుతున్న 49 మీటర్ల తరంగాలనే వాడుకున్నారు. ఒక హేఫోర్డ్ బాంబరు ఆ తరంగాల మధ్య అటూ ఇటూ ఎగరగా, పొలంలో నిలిపిన మోటారు బండిలో కూర్చున్నవారు తెరమీద చుక్క పెరిగి తరగడాన్ని చూశారు. సుమారు 8 మైళ్ల దూరం వరకు విమానం జాడ తెలిసింది.

అటుపై పని వేగం అందుకొన్నది. 1935 మే నెలలో సముద్రతీరాన ఆర్ఫోర్డ్‌నెస్ వద్ద చిన్న బృందం రహస్యంగా పరిశోధన ప్రారంభించి, జూన్ 17 నాటికి 17 మైళ్ల దూరంలోని విమానాన్ని కనుగొన్నది. 1936లో సమీపంలోని బాడ్సీ మేనర్ అనే పెద్ద భవనానికి కేంద్రం మారింది. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలయ్యేనాటికి చైన్ హోమ్ అనే పేరుతో సుమారు 20 రాడార్ కేంద్రాలు బ్రిటన్ తీరాన్ని కాపలా కాస్తున్నాయి. 360 అడుగుల ఉక్కు స్తంభాల నుండి తరంగాలు పంపి, 240 అడుగుల చెక్క స్తంభాల మీది ఆంటెనాలతో ప్రతిధ్వనిని అందుకొనేవారు. పరికరం అత్యాధునికమైనదేమీ కాదు. అత్యుత్తమమైన దానికొరకు వేచి ఉంటే అది ఎన్నటికీ రాదనీ, సకాలంలో అందే మూడవ రకమే మేలనీ ఈయన అభిప్రాయం. ఆనాటి పరిస్థితిలో అది సరైన నిర్ణయమే అయింది.

రాడార్‌ను ఒక్కరే కనిపెట్టారనడం సరికాదు. జర్మనీలో క్రిస్టియన్ హుల్స్‌మేయర్ 1904లోనే ఓడలను తరంగాలతో గుర్తించి చూపాడు. 1930లలో అమెరికా, జర్మనీ దేశాల నౌకాదళాలకు చెందిన శాస్త్రవేత్తలు కూడా ఇదే దారిలో నడిచారు. రాడార్ అనే మాట కూడా 1940లో అమెరికా నౌకాదళం పెట్టినదే. పరికరాన్ని, స్తంభాలను, టెలిఫోను తీగలను, పటం చుట్టూ కూర్చున్న మనుషులను కలిపి ఒక రక్షణ వ్యవస్థగా సకాలంలో నిలబెట్టడంలోనే బ్రిటన్ ప్రత్యేకత ఉంది. అందులో వాట్సన్-వాట్ పాత్ర ప్రధానమైనది.

చూడడం వేరు, గుర్తించడం వేరు

రాడార్ తెరమీద కనిపించే గుర్తుకు పేరు ఉండదు. స్వదేశీ విమానమైనా, శత్రు విమానమైనా లోహపు రెక్కల నుండి వచ్చే ప్రతిధ్వని ఒకటే. ఈ ఇబ్బందిని వాట్సన్-వాట్ ముందే ఊహించి, తమ విమానాలను వేరుగా గుర్తించే ఉపాయాలను 1935-36లోనే ప్రతిపాదించాడు. 1938 ప్రాంతంలో బాడ్సీలో దీనిపై ప్రయోగాలు జరిగాయి. చైన్ హోమ్ తరంగాలకు అనునాదం చెందే ఆంటెనాను విమానానికి అమర్చి, ఒక చిన్న మోటారు సహాయంతో దానిని క్షణక్షణానికి కలుపుతూ, విడదీస్తూ ఉండేవారు. దానితో తెరమీది గుర్తు పెరుగుతూ తరుగుతూ మిత్ర విమానమని తెలియజేయాలి. ఇందులో విమానం సొంతంగా దేనినీ ప్రసారం చేయదు. తనమీద పడిన తరంగాన్నే మార్చి త్రిప్పి పంపుతుంది. ఆలోచన చక్కనిదే గాని, విమానం తిరిగిన దిక్కును బట్టి ఫలితం మారిపోవడంతో నమ్మదగినది కాదని విడిచిపెట్టారు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. ఆ విడిచిపెట్టిన ఆలోచన మరొక రూపంలో తిరిగివచ్చింది.

యుద్ధం మొదలయ్యేనాటికి ప్రధానంగా వాడుకలో ఉన్నది పిప్-స్క్వీక్ అనే ఏర్పాటు. యుద్ధ విమానంలోని రేడియో ప్రతి నిమిషంలో 14 సెకన్ల పాటు దానంతట అదే సంకేతం పంపేది. నేలమీది కేంద్రాలు ఆ దిక్కులను కలిపి తమ విమానాల జాడను పటం మీద గుర్తించేవి.

గుర్తింపు లేని లోటు ఎంత ఘోరమైనదో యుద్ధం ప్రకటించిన మూడవ రోజునే తెలిసివచ్చింది. 1939 సెప్టెంబరు 6న శత్రువులు వస్తున్నారన్న తప్పుడు హెచ్చరికతో ఎగిరిన బ్రిటిష్ హరికేన్ విమానాలను, అదే పనిమీద ఎగిరిన బ్రిటిష్ స్పిట్‌ఫైర్ విమానాలు జర్మన్ విమానాలని పొరబడి కాల్చాయి. రెండు హరికేన్లు కూలిపోయాయి. మాంటేగ్ హల్టన్-హారప్ అనే యువ చోదకుడు మరణించాడు. బార్కింగ్ క్రీక్ పోరాటమని పిలువబడే ఈ ఘటనలో ఆ సమయాన శత్రు విమానం ఒక్కటీ అక్కడ లేదు. కాల్చిన చోదకులు సైనిక విచారణలో నిర్దోషులుగా విడుదలయ్యారు. గుర్తింపు పరికరాలను త్వరగా అమర్చవలసిన అవసరాన్ని ఈ దుర్ఘటన అందరికీ తెలియజెప్పింది.

హాజరు పిలుపు వంటి పద్ధతి

పద్ధతిని సులభంగా ఇలా చెప్పవచ్చు. రాడార్ బావిలోకి కేక వేయడం వంటిది. మన గొంతే మనకు తిరిగి వినిపిస్తుంది. ఐ.ఎఫ్.ఎఫ్. తరగతిలో హాజరు పిలవడం వంటిది. ఉపాధ్యాయుడు పిలిస్తే విద్యార్థి తన గొంతుతో పలుకుతాడు.

మొదటి నమూనా (మార్క్ 1) 1939లో వచ్చింది. చైన్ హోమ్ తరంగం తాకగానే విమానంలోని పెట్టె దానిని బలపరచి తిరిగి ప్రసారం చేసేది. కాని ఇంతలోనే వేరువేరు పౌనఃపున్యాలతో నౌకాదళ రాడార్లు, ఫిరంగి దళ రాడార్లు వచ్చాయి. వాటన్నిటికీ బదులు పలకడానికి మార్క్ 2 పెట్టె మోటారు సహాయంతో అనేక పౌనఃపున్యాలను వరుసగా తడిమి చూసేది. కొత్త రాడార్ వచ్చిన ప్రతిసారీ దానిని మార్చవలసి రావడంతో ఆ దారి మూసుకుపోయింది. అప్పుడు ఫ్రెడ్డీ విలియమ్స్ తదితరులు గుర్తింపు కొరకే ప్రత్యేకంగా ఒక పౌనఃపున్య శ్రేణిని కేటాయించే మార్గం చూపారు. 157 నుండి 187 మెగాహెర్ట్జ్ వరకు గల ఆ శ్రేణిలో ప్రశ్న అడిగే యంత్రం వేరు, జవాబిచ్చే యంత్రం వేరు. ఈ మార్క్ 3ను మిత్రరాజ్యాలన్నీ వాడాయి. ఆ విలియమ్సే యుద్ధానంతరం మాంచెస్టర్‌లో కంప్యూటర్ జ్ఞాపకశక్తి నాళికను రూపొందించాడు.

ఈ యంత్రాలను చేతులతో తయారుచేసినవాడు వాట్సన్-వాట్ కాదు. 1938లోనే ఈయన బాడ్సీని విడిచి విమాన మంత్రిత్వ శాఖలో కమ్యూనికేషన్ల అభివృద్ధి సంచాలకునిగా వెళ్లాడు. సమస్యను ముందుగా చూసి, మనుషులను కూడగట్టి, ప్రభుత్వం చేత డబ్బు ఖర్చుపెట్టించడం ఈయన పని.

హాజరు పిలుపులో ఒక చిక్కున్నదని బడిలో చదివినవారందరికీ తెలుసు. రాని విద్యార్థి బదులు పక్కవాడు పలకవచ్చు. ఐ.ఎఫ్.ఎఫ్. చిక్కు కూడా సరిగ్గా అదే. శత్రువు చేతికి పెట్టె చిక్కితే అతడూ మిత్రునిలాగానే పలుకుతాడు. అందుకని విమానం కూలినపుడు పెట్టె లోపలిభాగం నాశనమయ్యేలా చిన్న పేలుడు పదార్థం అమర్చేవారు. రెండవ చిక్కు ఇంకా సూక్ష్మమైనది. పిలిచేవాడు ఉపాధ్యాయుడేనా అని విద్యార్థి చూడడు. ఎవరు ప్రశ్నించినా పెట్టె బదులు పలికేది. ఐ.ఎఫ్.ఎఫ్. వేసి ఉంచితే జర్మన్ సర్చిలైట్లు దెబ్బతింటాయని బ్రిటిష్ బాంబర్ చోదకులలో ఒక మూఢనమ్మకం బయలుదేరింది. దానితో కొందరు శత్రుభూమి మీద కూడా ఆ పెట్టెను వేసే ఉంచారు. జర్మన్లు వాటిని తామే ప్రశ్నించి, వచ్చిన జవాబును బట్టి బాంబర్ల జాడ తెలుసుకొన్నారు. రక్షణ కొరకు పెట్టుకొన్న గుర్తింపే ప్రాణాంతకమైంది. ప్రశ్నను, జవాబును రహస్య సంకేతాలతో బంధించే పద్ధతి యుద్ధం ముగిసిన చాలా ఏళ్లకు, మార్క్ 12తో గాని సైన్యాలకు అందలేదు.

పెర్ల్ హార్బర్

1941 డిసెంబర్ 7 ఉదయం హవాయి దీవులలో ఒపానా వద్దనున్న రాడార్ తెరమీద పెద్ద విమానాల గుంపు కనబడింది. సైనికులు ఆ విషయాన్ని పైవారికి తెలియజేశారు కూడా. అమెరికా నుండి రావలసి ఉన్న సొంత బాంబర్లేనని భావించి ఎవరూ పట్టించుకోలేదు. వచ్చినవి జపాన్ విమానాలు. రాడార్ తన పని తాను చేసింది, వచ్చినవారెవరో చెప్పే ఏర్పాటు మాత్రం లేకపోయింది. ఆ దాడి తరువాత అమెరికా రాడార్ రక్షణను పరిశీలించి సలహా ఇవ్వడానికి వాట్సన్-వాట్‌ను పిలిపించారు. అక్కడి పశ్చిమతీర ఏర్పాట్లలోని లోపాలను ఈయన మొహమాటం లేకుండా నివేదికలో పేర్కొన్నాడు.

కార్యాలయాల గేటు దాకా

యుద్ధానంతరం ప్రశ్న-జవాబు పద్ధతి పౌర విమానయానానికి అందింది. నేలమీది కేంద్రం 1030 మెగాహెర్ట్జ్ వద్ద ప్రశ్నిస్తే, విమానంలోని ట్రాన్స్‌పాండర్ 1090 మెగాహెర్ట్జ్ వద్ద తన సంఖ్యను చెబుతుంది.

బాడ్సీలో విడిచిపెట్టిన ఆలోచన వంటిదానికి, అంటే సొంత ప్రసారం లేకుండా పడిన తరంగాన్నే మార్చి పంపే పద్ధతికి, 1948లో హ్యారీ స్టాక్‌మన్ తన పరిశోధనా పత్రంలో సిద్ధాంత రూపమిచ్చాడు. విమానానికి పనికిరాని ఆ పద్ధతి తలుపుకు చక్కగా సరిపోయింది. తలుపు ముందు దూరం కొద్ది అంగుళాలే, దిక్కు మారే బెడద లేదు. అమెరికాలో చార్లెస్ వాల్టన్ 1973లో పొందిన పేటెంటు, కార్డు దగ్గరకు రాగానే తలుపు తాళం తీసే ఏర్పాటుకు సంబంధించినది. నేడు హైదరాబాదు వంటి నగరాలలోని సాఫ్ట్‌వేర్ కార్యాలయాలలో మెడలో వేలాడే కార్డులు ఈ కోవలోనివే. చాలా కార్డులలో బ్యాటరీ ఉండదు. గోడమీది రీడరు వెదజల్లే 125 కిలోహెర్ట్జ్ లేదా 13.56 మెగాహెర్ట్జ్ క్షేత్రం నుండే కార్డు శక్తిని గ్రహించి, ఆ క్షేత్రాన్నే కదిలించి తన సంఖ్యను తెలుపుతుంది. దగ్గరకు వస్తేనే పలుకుతుంది కనుక, ఎవరన్న ప్రశ్నతో పాటు ఎక్కడున్నారన్న ప్రశ్నకు కూడా అదే జవాబు.

మార్క్ 3 నాటి లోపం మాత్రం పాత కార్డులను కూడా వదలలేదు. ఎవరి రీడరు అడిగినా అవి తమ సంఖ్యను చెప్పేస్తాయి. ఆ సంఖ్యను మరొక కార్డులోకి ఎక్కించడం కష్టమేమీ కాదు. అందుకే ఆ తరువాతి కార్డులలో ప్రతిసారీ కొత్త ప్రశ్న వేసి, రహస్య సంకేతంతో లెక్కగట్టిన జవాబును రాబట్టే ఏర్పాటు వచ్చింది. అయినా కార్డు తెచ్చినవాడు దాని యజమానియేనని కార్డు చెప్పలేదు. మిత్రుల పెట్టెతో శత్రువు ఎగిరిన ఇబ్బంది వంటిదే ఇదీ.

గౌరవాలు, వివాదాలు

వాట్సన్-వాట్ 1941లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1942లో సర్ బిరుదు, 1946లో అమెరికా ప్రభుత్వపు మెడల్ ఫర్ మెరిట్ లభించాయి. యుద్ధకాలపు ఆవిష్కరణలకు పారితోషికం నిర్ణయించే రాయల్ కమిషన్ ఈయనకు 1950ల తొలినాళ్లలో సుమారు 50 వేల పౌండ్లు మంజూరు చేసింది. ఆ మొత్తం కొరకు ఈయన గట్టిగా, దీర్ఘంగా వాదించడం కొందరికి నచ్చలేదు. మాటలు ఎక్కువనీ, పేరుప్రతిష్ఠల మీద మక్కువ అధికమనీ సమకాలికులు చెప్పేవారు. తొలి లెక్కలు కట్టిన విల్కిన్స్‌కు రావలసినంత పేరు రాలేదన్నది మాత్రం కాదనలేని సత్యం. పాఠ్యపుస్తకాలలో రాడార్ ఆవిష్కర్తగా ఒక్క వాట్సన్-వాట్ పేరే వ్రాయడం వలన ఈ అన్యాయం కొనసాగింది.

వ్యక్తిగత జీవితం

ఈయన మూడు సార్లు వివాహమాడాడు. 1916లో పెండ్లాడిన మార్గరెట్ రాబర్ట్‌సన్ తొలినాటి రేడియో ప్రయోగాలలో భర్తకు సహాయపడింది. 1952లో విడాకుల తరువాత కెనడాకు చెందిన జీన్ విల్కిన్సన్‌ను వివాహం చేసుకొని కొంతకాలం ఆ దేశంలో నివసించాడు. అక్కడ కారును అతివేగంగా నడుపుతూ పోలీసుల రాడార్‌కు చిక్కి జరిమానా చెల్లించాడు. దానిమీద తానే ఒక హాస్య పద్యం కూడా వ్రాసుకొన్నాడు. 1964లో జీన్ మరణించింది. 1966లో డేమ్ కాథరిన్ ట్రెఫ్యూసిస్-ఫోర్బ్స్‌ను వివాహమాడాడు. యుద్ధకాలంలో రాడార్ తెరల ముందు రాత్రింబవళ్లు కూర్చున్న యువతులు ఏ మహిళా విమానదళానికి చెందినవారో, ఆ దళానికి మొదటి అధిపతి ఆమె. ఆమె 1971లో మరణించింది.

వాట్సన్-వాట్ 1973 డిసెంబర్ 5న ఇన్వర్‌నెస్‌లో మరణించాడు. పిట్లోక్రీ గ్రామంలోని చర్చి ఆవరణలో భార్య కాథరిన్ ప్రక్కనే ఈయనను ఖననం చేశారు.

స్మృతి చిహ్నాలు

డావెంట్రీ పరీక్ష జరిగిన ప్రాంతంలో స్మారక శిల ఉంది. బాడ్సీలో ప్రసార యంత్రాలున్న పాత భవనాన్ని ప్రదర్శనశాలగా మార్చారు. జన్మస్థలమైన బ్రెకిన్‌లో 2014 సెప్టెంబరులో ఈయన విగ్రహాన్ని బ్రిటిష్ రాకుమారి ఆన్ ఆవిష్కరించింది. అదే సంవత్సరం డావెంట్రీ, ఆర్ఫోర్డ్‌నెస్ రోజుల ఇతివృత్తంతో బి.బి.సి. ఒక టెలివిజన్ చిత్రాన్ని ప్రసారం చేసింది. అందులో విల్కిన్స్ పాత్ర కూడా ఉంది.